వెలిసింది

నూట పన్నెండు వాక్యాలు.
మాటకింతని లెక్క, గడువు రేపు పొద్దున్నే.
తొరీనోలో ఎవరి ఫోన్‌లోనో
వాన రాకముందే వెలగాల్సిన చిన్న చిన్న వాక్యాలు.
తార్నాకలో, మూడో అంతస్తులో,
పక్కన బకెట్ పెట్టుకుని రాస్తున్నాను.
పైకప్పు కారుతోంది. ఓనరుకి చెప్పాను.
చూద్దామని ఆయనా చెప్పాడు.

ఇంగ్లీషు క్రియతో నాకు పేచీ లేదు,
పేచీ అంతా దాని తోకతోనే.
అప్, డౌన్, ఇన్, ఓవర్, ఆఫ్.
ఆఫీసు వేళ సికింద్రాబాద్ బస్సులో
ఫుట్‌బోర్డు మీద ఒంటికాలితో వేలాడే కుర్రాళ్లు.
క్రియ లోపల సీట్లో కూర్చుని టికెట్ కొంటుంది.
బస్సు ఆగాలో కదలాలో మాత్రం
వేలాడేవాడే రేకు మీద చరిచి చెబుతాడు.

'క్లౌడ్ ఓవర్' తేలిగ్గానే లొంగింది.
అన్నువొలార్సి అంటారు వాళ్లు.
ఆకాశం తనకు తానే మబ్బు తెచ్చుకుంటుంది,
ఎవరో వస్తున్నారని చెంగు తలమీదికి లాక్కున్నట్టు.
'క్లియర్ అప్'కి రాస్సెరెనార్సి.
ఈ మాట మొహాలకి కూడా వాడతారని
సిస్టర్ ఎర్సీలియా చెప్పింది,
శనివారాలు, మారేడ్‌పల్లి కాన్వెంటు వెనక గదిలో,
మేం ఐదుగురం, ఒకే ఫ్యాను.
చెబుతున్నప్పుడు ఆవిడ మొహం మాత్రం తేటపడలేదు.
తేటపడటం!
ఆకాశానికీ, మొహానికీ, కుండలో నీళ్లకీ
సరిపోయే మాట మా ఇంట్లోనే ఉంది.
దానికి డబ్బులిచ్చేవాళ్లే లేరు.

ఇంగ్లీషువాడికి వాన బకెట్లతో పడుతుంది,
ఇటలీలో బేసిన్లతో,
మనకి కుండలతో.
నా గదిలో బకెట్టు నిండింది. పారబోసి వచ్చాను.

'సెట్ ఇన్' దగ్గర ఆగిపోయాను.
వాన వచ్చి, చెప్పులు విప్పి, ఇక పోనని కూర్చోవడం.
ఇటాలియన్‌లో నాలుగు మాటలు పెట్టినా
చుట్టంలా లేచి వెళ్లిపోతోంది.
ఆకలేసి కిందికి దిగాను.
నీలం పట్టా కింద మక్క కంకులు కాలుస్తూ ఈదమ్మ
తల ఎత్తకుండానే అంది:
"ముసురు వట్టింది బిడ్డా. గిది ఇయ్యాల ఇడువది."
నిప్పుల మీద ఉప్పూ నిమ్మకాయ నీళ్లూ చిటపటమన్నాయి.
ఒక్క మాట. తోక లేదు.
కంకి తిన్నాను, పనికి మాత్రం ఎక్కి రాలేదు.

పదకొండింటికి కరెంటు పోయింది.
లాప్‌టాప్‌లో పద్దెనిమిది శాతం,
గల్లీలో మోకాలి లోతు,
నాలా ఎక్కడో గొంతు సవరించుకుంటోంది.
'లెట్ అప్.'
చీకట్లో సిస్టర్ సుద్దముక్క గీసిన చప్పుడు గుర్తొచ్చింది.
పియొవె అంటే వాన పడుతోంది.
దాని ముందు ఒక్క 'స్' పెట్టండి అమ్మాయిలూ:
స్పియొవె.
వాన ఆగిపోయింది.
పెదాల మీద వేలుంచి పిల్లాణ్ని ఊరుకోబెట్టినట్టు,
స్...
ముప్పై వానాకాలాలు ఈ ఊళ్లో తడిసిన మనిషి,
కిటికీ వైపు చూసి అలాగే అనేది. ఏ వానా వినలేదు.

నాలుగున్నరకి దానంతటదే వెలిసింది.

పొద్దున్న బాల్కనీలో నా నీలం చున్నీ వెలిసింది,
కింది ఫ్లాటు వాళ్ల తెల్ల లుంగీని ముంచి మరీ.
మూలమీద మూత లేని మ్యాన్‌హోల్ పక్కన
ఎవరో వేపకొమ్మ గుచ్చి, రాయి అడ్డం పెట్టారు.
ఇంకెవరో ఆ రాయికి పసుపు రాశారు.
ఏడింటికల్లా అమ్మవారు వెలిసింది.
ఫైలు పంపాను. నూట పన్నెండోది: స్పియొవె.
పక్కన గమనికల గడిలో
ఊరికే తెలుగులో ఒక మాట రాసి, చెరపడం మర్చిపోయాను.
దొనతెల్లా అడుగుతుంది, ఇదేమిటని.
ఏమని చెప్పాలి, ఎన్ని చెప్పాలి?

ఈదమ్మ ఒక్కతే చిరాగ్గా ఉంది.
తడిసిన బొగ్గులు కాగితం మీద ఆరబోస్తూ,
"వెలిస్తె ఎవడు తింటడు కంకులు?
గట్టిగ కొడ్తె ఎవడు ఆగుతడు?
పడీ పడనట్టు ఉండాలె బిడ్డా వాన."

పడీ పడనట్టు.
మెట్ల మీదే నిలబడి ఫోన్‌లో ఫైలు తెరిచాను,
ఒకటి నుంచి నూట పన్నెండు దాకా వెతికాను.